ఏ బాధా లేకుండా సీటీ స్కాన్‌కి వెళ్తున్నారా? ముందు ఈ మెట్లు దాటండి

పోయిన దసరాకి మా నాన్న నెల్లూరు నుంచి బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాట్‌కి వచ్చారు. ఆయనకి 66 ఏళ్లు. రోజూ తెల్లారకముందే లేచి నాలుగు కిలోమీటర్లు నడుస్తారు. దగ్గు లేదు, ఆయాసం లేదు. సరిగ్గా ఆ వారమే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఆఫర్ తిరిగింది. మెడ నుంచి తొడల దాకా సీటీ స్కాన్, దాంతోపాటు బోలెడు రక్త పరీక్షలు, భార్యాభర్తలిద్దరూ కలిసి చేయించుకుంటే తగ్గింపు. పండక్కి బట్టలు పెట్టే బదులు ఇదే మేలనుకుని బుక్ చేసేశాను. ఆ సెంటర్ వాళ్లని నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: కారు పార్కింగ్ ఉందా అని.

మూడో రోజు రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో 7 మిల్లీమీటర్ల నోడ్యూల్, అంటే చిన్న చుక్క. కింద ఒక లైను: క్లినికల్ కోరిలేషన్ అడ్వైజ్డ్. నాన్న ఏమీ అనలేదు, మర్నాటి నుంచి నడక మానేశారు. అమ్మ తిరుమలకి మొక్కుకుంది. నేను రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో వెతకడం, పొద్దున్న ఆఫీసులో కునికిపాట్లు పడటం. పదకొండు రోజులు అలా గడిచాక ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, "పాత స్కాన్ ఏదైనా ఉందా?" అన్నారు.

ఉంది. 2021 మేలో కోవిడ్ వచ్చినప్పుడు నెల్లూరులో తీయించింది. అప్పట్లో ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోర్ గురించి ప్రతి ఇంట్లో "ఇరవై ఐదుకి ఎంత?" అని అడుక్కునేవాళ్లం కదా, ఆ స్కాన్. దాని సీడీ ఇంట్లో బీరువాలో గ్యాస్ పుస్తకం కింద దొరికింది. మా బాబాయ్ కొడుకు రాత్రి బస్సులో పంపించాడు. డాక్టర్ రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే అదే చోట, అదే సైజులో అదే చుక్క. నాలుగేళ్లుగా కదలని చుక్క. "రేపటి నుంచి నడక మొదలుపెట్టండి" అని పంపించేశారు.

నేను డాక్టర్‌ని కాను. కాకపోతే ఆ పదకొండు రోజుల్లో, తర్వాత నెలల్లో, చదివింది చదివి, అడగాల్సిన వాళ్లని అడిగాను. మళ్లీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి స్కాన్ అనే మాట వస్తే ఏ వరసలో ఆలోచిస్తానో అదే వరసలో రాస్తున్నాను.

1. మీకు బాధ ఉందా, లేదా? ముందు అది తేల్చుకోండి

యంత్రం ఒకటే, పనులు రెండు. దగ్గితే రక్తం పడుతోంది, కారణం లేకుండా బరువు తగ్గుతున్నారు, మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది, నెలల తరబడి దగ్గు తగ్గట్లేదు. ఇలాంటప్పుడు డాక్టర్ రాసే సీటీ రోగం కనుక్కోవడానికి. దాన్ని రేడియేషన్ భయంతో వాయిదా వేయకండి. అలాంటి స్కాన్ వల్ల వచ్చే లాభం ముందు ఆ నష్టం చాలా చిన్నది.

ఇక్కడ చెబుతున్నది రెండో పని గురించి. ఏ బాధా లేని మనిషిలో దాగి ఉన్న జబ్బు ఉందేమోనని వెతకడం, అంటే స్క్రీనింగ్. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. వెతికించుకునేవాళ్లలో ఎక్కువమందికి ఆ జబ్బు ఉండదు, కానీ రేడియేషన్, ఖర్చు, టెన్షన్ మాత్రం అందరికీ వస్తాయి. అందుకే "చేయించుకుంటే పోయేదేముంది" అనే మాట ఇక్కడ కుదరదు.

2. మీ కోసం పనికొచ్చే స్కాన్ ఉందో లేదో చూసుకోండి

బాధ లేనివాళ్లకి సీటీ వల్ల ఉపయోగం ఉందని చెప్పగలిగేవి నాకు కనిపించినవి మూడే. మూడూ అందరికీ కాదు.

*ఊపిరితిత్తుల లో-డోస్ సీటీ.* మామూలు సీటీ కంటే తక్కువ రేడియేషన్‌తో తీసేది. గట్టి రుజువు ఉన్నది దీనికే. అమెరికాలో 53 వేల మందికి పైగా పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు పాల్గొన్న పెద్ద అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. సగం మందికి ఏడాదికోసారి మూడుసార్లు లో-డోస్ సీటీ, మిగతావాళ్లకి మామూలు ఎక్స్‌రే. సీటీ తీసినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. విడమరిచి చెప్పుకుంటే, సుమారు 320 మందికి స్కాన్లు తీస్తే ఒక ప్రాణం దక్కింది. ఒక ప్రాణం చిన్న విషయం కాదు. కానీ అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, అది ఏ ఆఫర్ పోస్టర్ మీదా కనిపించదు. మూడు విడతల స్కాన్లలో దాదాపు నాలుగో వంతు "ఏదో ఉంది" అని తేలాయి, అలా తేలినవాటిలో 96 శాతం క్యాన్సర్ కాదు.

పైగా వాళ్లంతా పెట్టెలకి పెట్టెలు కాల్చినవాళ్లు. జీవితంలో సిగరెట్ ముట్టని మా నాన్నకి ఆ లాభం లెక్కే వర్తించదు. తప్పుడు అలారం మాత్రం శుభ్రంగా వర్తించింది.

అమెరికా నిపుణుల బృందం 2021లో పెట్టిన హద్దులు ఇవి: వయసు 50 నుంచి 80, కనీసం 20 ప్యాక్-ఇయర్లు, ఇప్పటికీ తాగుతూ ఉండాలి లేదా మానేసి 15 ఏళ్లు దాటకూడదు. ప్యాక్-ఇయర్ లెక్కలో మనవాళ్లు తడబడతారు. వాళ్ల లెక్కలో పెట్టె అంటే 20 సిగరెట్లు, మన దగ్గర ఎక్కువగా కనిపించేది పది సిగరెట్ల పెట్టె. రోజుకి ఎన్ని సిగరెట్లో దాన్ని 20తో భాగించి, ఎన్నేళ్లు తాగారో దాంతో గుణించండి. రోజుకి పది చొప్పున 30 ఏళ్లు తాగితే 15 ప్యాక్-ఇయర్లు. రోజుకి ఇరవై చొప్పున 20 ఏళ్లయితే 20. బీడీలు, చుట్టలు ఈ లెక్కలోకి సరిగ్గా ఇమడవు. రోజుకి ఎన్ని కట్టలో, ఎన్నేళ్లో డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. కోడలి ముందు చెప్పడానికి మొహమాటపడే పెద్దవాళ్లు ఉంటారు, కాసేపు మీరు బయట కూర్చోండి.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. టీబీ. ఎప్పుడో వచ్చి మానిపోయిన టీబీ ఊపిరితిత్తుల్లో మచ్చలు వదిలి వెళ్తుంది. మనిషికి అది వచ్చి పోయిన సంగతే తెలియకపోవచ్చు. స్కాన్‌లో అవి నోడ్యూల్ వేషంలో కనిపిస్తాయి. అందుకని పైన చెప్పిన విదేశీ లెక్కలు మన ఊపిరితిత్తులకి అచ్చంగా అతకవు, అనుమానపు చుక్కలు మన దగ్గర ఎక్కువే.

*గుండె కాల్షియం స్కోర్.* గుండె రక్తనాళాల గోడల్లో పేరుకున్న కాల్షియాన్ని కొలిచే చిన్న స్కాన్. రక్తనాళాలు స్పష్టంగా కనబడటానికి ఇచ్చే డై ఇంజెక్షన్ అక్కర్లేదు. బెంగళూరులో దీనికి గిరాకీ ఎందుకు పెరిగిందో ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. 2021 అక్టోబర్ 29న కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఆ తర్వాత రోజుల్లో ఇక్కడి ప్రభుత్వ గుండె ఆసుపత్రి జయదేవలో గుండె పరీక్షల కోసం జనం కిటకిటలాడారు. మా ఆఫీసులో ముప్పై ఏళ్ల కుర్రాళ్లు కూడా "స్కోర్ చేయించుకుందామా" అని మొదలుపెట్టారు.

ముప్పై ఏళ్ల వాళ్లకి సాధారణంగా ఇది దండగ. ఆ వయసులో కొవ్వు పేరుకున్నా ఇంకా గట్టిపడి కాల్షియంగా మారి ఉండదు. సున్నా వస్తుంది, "నాకేం లేదు" అనే ధీమా మిగులుతుంది. సున్నా అంటే వచ్చే కొన్నేళ్లలో ముప్పు తక్కువ అని అర్థం, అసలు బ్లాకులే లేవని కాదు. ఈ స్కోర్ పనికొచ్చేది 40 దాటి, బీపీ, కొలెస్ట్రాల్, కుటుంబ చరిత్ర అన్నీ కలిపి చూస్తే ముప్పు అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉండి, కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని డాక్టర్ తటపటాయిస్తున్నప్పుడు. ఇప్పటికే స్టెంట్ పడినవాళ్లకి, బైపాస్ అయినవాళ్లకి స్కోర్ కొత్తగా చెప్పేదేమీ లేదు. నలభై దాటిన షుగర్ పేషెంట్లకి మాత్ర ఎలాగూ చాలావరకు రాసేదే.

ఒక జాగ్రత్త. కొన్ని ప్యాకేజీల్లో "హార్ట్ సీటీ" అని ఉంటుంది, అది సీటీ యాంజియోగ్రామ్. అందులో డై ఎక్కిస్తారు, గుండె వేగం తగ్గడానికి మాత్ర ఇస్తారు, రేడియేషన్ కూడా ఎక్కువ. ఛాతీ నొప్పి ఉన్నవాళ్లకి అది మంచి పరీక్షే. ఏ బాధా లేనివాళ్లకి మామూలుగా సిఫారసు చేయరు. కాల్షియం స్కోర్ అనుకుని దాన్ని బుక్ చేయకండి.

*పెద్దపేగు సీటీ.* దీన్ని కొలనోగ్రఫీ అంటారు. గొట్టం పంపి పేగు లోపల చూసే కొలనోస్కోపీ వద్దనుకునే 45 దాటినవాళ్లకి అమెరికా నిపుణులు చెప్పే దారుల్లో ఇదొకటి, ఐదేళ్లకోసారి. ముందురోజు విరేచనాల మందు మాత్రం తప్పదు, ఏదైనా కనబడితే కొలనోస్కోపీ కూడా తప్పదు.

అంతే. నాన్నకి నేను కొనిచ్చిన ఫుల్ బాడీ సీటీ ఈ మూడింట్లో లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి దానివల్ల ఆయుష్షు పెరుగుతుందని రుజువు లేదు. అమెరికాలో మందులనీ వైద్య యంత్రాలనీ నియంత్రించే ఎఫ్‌డీఏ ఈ మాట ఎప్పటినుంచో చెబుతోంది. ఒంట్లోకి కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే పెట్-సీటీని క్యాన్సర్ చెకప్ పేరుతో అమ్మినా మాట ఇదే, అందులో రేడియేషన్ ఇంకా ఎక్కువ.

ఇంకో సంగతి, నాకు ఇదే ఎక్కువ బాధ కలిగించింది. ఫుల్ బాడీ అన్నా అందులో ఉండనివి చాలా ఉన్నాయి. మన దేశంలో ఆడవాళ్లని ఎక్కువగా పట్టే రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లని తొలిదశలో పట్టే పరీక్ష సీటీ కాదు. రొమ్ముకి మామోగ్రామ్, గర్భాశయ ముఖద్వారానికి పాప్ లేదా హెచ్‌పీవీ పరీక్ష ఉన్నాయి. నోటి క్యాన్సర్ మొదట్లో కనిపించేది టార్చిలైటు వెలుతురులో. మా పక్క ఫ్లాట్‌లో శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దావిడ ఉన్నారు, ఆ వయసు వాళ్లలో కొందరికి ఇంకా ఉన్న అడ్డపొగ అలవాటు ఆవిడకీ ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. దానివల్ల దెబ్బతినేది అంగిలి. ఆవిడ కొడుకు ఫుల్ బాడీ స్కాన్ గురించి అడిగితే, ముందు డెంటిస్టు దగ్గర నోరు చూపించమన్నాను. ప్రభుత్వ జాతీయ కార్యక్రమంలో 30 దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేస్తారు. క్యాన్సర్ అనుమానమే ఉంటే బెంగళూరులో ప్రభుత్వ కిద్వాయి ఆసుపత్రి ఉంది.

3. రేడియేషన్ లెక్క మీరే వేసుకోండి

కోవిడ్ రెండో వేవ్‌లో ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా ఒక సీటీ అంటే 300, 400 ఎక్స్‌రేలతో సమానమన్నారు. అది పాత యంత్రాల లెక్క అంటూ రేడియాలజిస్టులు ఆయన మాట ఒప్పుకోలేదు. మామూలు మనిషికి మిగిలింది గందరగోళమే.

కొలత పేరు మిల్లీసీవర్ట్. ఏ స్కానూ తీయించుకోకపోయినా నేల, గాలి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు మనకి తగులుతూనే ఉంటాయి, అది ప్రపంచ సగటు. ఛాతీ ఎక్స్‌రే 0.1 లేదా అంతకంటే తక్కువ. లో-డోస్ ఊపిరితిత్తుల సీటీ, కాల్షియం స్కోర్ ఒక్కోటీ సుమారు 1 నుంచి 1.5. మామూలు ఛాతీ సీటీ 6 దాకా. పొట్ట, కటి కలిపి తీస్తే 8 నుంచి 10. ఫుల్ బాడీ 10 నుంచి 20.

10 మిల్లీసీవర్ట్‌ల స్కాన్ వల్ల 2000 మందిలో ఒకరికి ప్రాణాంతక క్యాన్సర్ అదనంగా రావచ్చని ఎఫ్‌డీఏ అంచనా. అదే 2000 మందిలో స్కాన్‌తో సంబంధం లేకుండా సుమారు 400 మంది క్యాన్సర్‌తో పోతారన్నది అమెరికా లెక్క. కాబట్టి ఒక్క స్కాన్ చేయించుకున్నామని నిద్ర మానుకోనక్కర్లేదు. ఏటా ప్యాకేజీలో భాగంగా చేయించుకుంటూ పోతేనే అవి కూడుతూ పోతాయి. వయసు తక్కువైతే ముప్పు ఎక్కువ, ఎందుకంటే ఆ ప్రభావం బయటపడటానికి ముందు చాలా ఏళ్లు ఉన్నాయి. పిల్లలకి స్క్రీనింగ్ సీటీ అనే మాటే ఎత్తకండి.

మీ స్కాన్‌లో నిజంగా ఎంత పడిందో తెలుసుకోవచ్చు. సీడీలో లేదా ఫిల్మ్ మీద డోస్ రిపోర్ట్ అనే చిన్న పట్టిక ఉంటుంది. అందులో డీఎల్‌పీ అనే అంకె చూడండి, స్కాన్ మొత్తంలో పడిన డోసుకి అది కొలత. ఛాతీ స్కానైతే దాన్ని 0.014తో గుణిస్తే సుమారు మిల్లీసీవర్ట్‌లు వస్తాయి. డీఎల్‌పీ 70 ఉంటే 0.98, అంటే లో-డోస్ మాట నిజమే. 400 ఉంటే 5.6, అది పేరుకే లో-డోస్. నాన్న సీడీలో ఈ పట్టిక తెరిచి చూశాక, ఆఫర్ కాగితం మీద ముద్రించిన "అతి తక్కువ రేడియేషన్" అనే మాట విలువ నాకు తెలిసింది.

4. ఏదైనా కనబడితే ఏం చేస్తారో ముందే అనుకోండి

అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చోవాల్సిన మెట్టు ఇది. మనం బుకింగ్‌కి ముందు ఐదు నిమిషాలు కూడా కూర్చోం.

అరవై దాటిన మనిషిని మెడ నుంచి తొడల దాకా సీటీ తీస్తే ఏదీ కనపడకపోవడమే వింత. కిడ్నీలో నీటి బుడగ, కాలేయంలో కొవ్వు, పిత్తాశయంలో రాయి, వెన్నుపూస అరుగుదల, కిడ్నీ మీద అడ్రినల్ గ్రంథిలో చిన్న గడ్డ. ఎక్కువ భాగం జీవితాంతం ఊరికే పడి ఉండేవే. కానీ ఒకసారి కాగితం మీదకి ఎక్కాక వాటిని పట్టించుకోకుండా ఉండలేం. మళ్లీ స్కాన్, ఎంఆర్ఐ, ఒక్కోసారి బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం. ఊపిరితిత్తిలోకి సూది పోనిస్తే అది కుంచించుకుపోయే ప్రమాదం కూడా ఉంటుంది.

దక్షిణ కొరియాలో జరిగింది చూడండి. అక్కడ హెల్త్ చెకప్‌లలో మెడకి అల్ట్రాసౌండ్ చవగ్గా తీయడం మొదలుపెట్టారు. 1993 నుంచి 2011లోపు థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లు పెరిగాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. అంటే వేలమంది గ్రంథి తీయించుకుని రోజూ మాత్ర మింగుతున్నది ఎప్పటికీ హాని చేయని గడ్డల కోసం. అది సీటీ కాకపోవచ్చు, కథ ఇదే.

అందుకని బుక్ చేసే ముందు ఇంట్లో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోండి. ఫలానాది బయటపడితే వైద్యం చేయించుకునే ఓపిక, ఒంట్లో సత్తువ ఉన్నాయా? 85 ఏళ్ల తాతయ్యకి ఊపిరితిత్తిలో మచ్చ కనబడితే ఆపరేషన్‌కి పంపుతామా? పంపం అనుకుంటే ఆ స్కాన్ దేనికి? రిపోర్టు ముందు ఎవరి ఫోన్‌కి రావాలి? ఇది చిన్న ప్రశ్నలా ఉంటుంది. మా ఇంట్లో నేను ఆఫీసు మీటింగులో ఉండగా రిపోర్టు తెరిచి, ఆ నోడ్యూల్ అన్న మాటకి అర్థం ఏంటని అమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఆ తప్పు నాది.

5. సెంటర్‌నీ ప్యాకేజీనీ కాదు, పరీక్షని ఎంచుకోండి

ముందు ఒక డాక్టర్‌తో మాట్లాడండి. సెంటర్‌లో ఉచితంగా మాట్లాడే డాక్టర్ కాదు, ఆ స్కాన్ జరిగినా జరగకపోయినా తనకి ఒరిగేదేమీ లేని మీ డాక్టర్. ఆయన ఏ స్కాన్ రాస్తే దాన్ని ఒక్కదాన్నే చేయించుకోండి. తర్వాత సెంటర్‌కి ఫోన్ చేసి ఇవి అడగండి:

- ఊపిరితిత్తులకి ప్రత్యేకంగా లో-డోస్ పద్ధతి ఉందా, మామూలు స్కానే తీస్తారా?
- డై ఎక్కిస్తారా? కాల్షియం స్కోర్‌కి, లో-డోస్ సీటీకి అది అక్కర్లేదు. ఎక్కిస్తామంటే ఎందుకో అడగండి.
- రిపోర్టు రాసేది ఛాతీ స్కాన్లు రోజూ చూసే రేడియాలజిస్టేనా? అనుమానం వస్తే ఫోన్‌లో మాట్లాడనిస్తారా?
- బొమ్మలు సీడీలోనో లింకుగానో పూర్తిగా ఇస్తారా?

యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ లైసెన్స్ ఉండాలి, అడిగితే చూపించాలి. ముఖం చిట్లిస్తే వేరే సెంటర్ చూసుకోండి, బెంగళూరులో సెంటర్లకి కొదవా?

డబ్బుల సంగతి. బాధ లేకుండా చేయించుకునే స్కాన్‌కి మామూలు ఇన్సూరెన్స్ డబ్బివ్వదు. కేవలం పరీక్షల కోసం ఆసుపత్రిలో చేరినా చెల్లదు, పాలసీ మినహాయింపుల్లో ఆ షరతు ఉంటుంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి 80డి పేరుతో మనకి తెలిసిన మినహాయింపులో ముందస్తు చెకప్‌కి 5,000 రూపాయల దాకా చూపించుకోవచ్చు, నగదుగా కట్టినా సరే. ఇంకో మాట ఎవరూ చెప్పరు: స్కాన్‌లో ఏదైనా తేలిన తర్వాత కొత్త పాలసీ తీసుకుంటే దాన్ని ఫారంలో రాయాలి. అప్పటికే ఉన్న జబ్బుకి 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. తల్లిదండ్రులకి పాలసీ తీసుకునే ఆలోచన ఉంటే, పాలసీ ముందా స్కాన్ ముందా అని కూడా ఆలోచించుకోండి.

6. స్కాన్ రోజు

జలుబు, జ్వరం, దగ్గు ఉంటే ఊపిరితిత్తుల స్కాన్ వాయిదా వేయండి. ఇన్ఫెక్షన్ నీడలు నోడ్యూల్‌లా కనబడి లేని భయం తెచ్చిపెడతాయి. తగ్గిన కొన్ని వారాలకి వెళ్లండి. కాల్షియం స్కోర్ ముందు కాఫీ, సిగరెట్ వద్దంటారు, గుండె నెమ్మదిగా కొట్టుకుంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది. గర్భం ఉండే అవకాశం ఏ కొంచెం ఉన్నా ముందే చెప్పండి. డై ఉన్న స్కానైతే కిడ్నీ పరీక్ష కాగితం తీసుకెళ్లండి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆపాలా వద్దా అని డాక్టర్‌నే అడగండి.

ఛాతీ మీద లోహం ఉంటే బొమ్మలో చారలు పడతాయి, గొలుసులు తీయమంటారు. మా అమ్మ పుస్తెలు తీయనంది. టెక్నీషియన్ అమ్మాయి తెలుగమ్మాయే, కడప. "ఆంటీ, పసుపుకొమ్ము కట్టుకోండి, తర్వాత వేసుకుందురు" అని తన డ్రాయర్‌లోంచి పసుపుతాడు తీసి ఇచ్చింది. రోజుకి ఇలాంటివాళ్లు ఎంతమంది వస్తే డ్రాయర్‌లో పసుపుతాడు పెట్టుకుంటుంది! మీరు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

యంత్రం ఎంఆర్ఐలా సొరంగం కాదు, పెద్ద గారెలాంటి చక్రం, మధ్యలోంచి బల్ల జరుగుతుంది. ఊపిరి బిగబట్టే పది సెకన్లే అసలు పని. ఆ సూచనలు రికార్డు చేసిన గొంతుతో వస్తాయి, ఇక్కడ చాలాచోట్ల కన్నడంలో. "ఉసిరు ఎళెదుకొళ్ళి... హిడిదుకొళ్ళి..." అని వినబడితే మా నాన్న ఉసిరికాయ గురించి ఏదో అంటోందనుకుని ఊపిరి వదిలేశారట. మళ్లీ తీయాల్సి వచ్చింది, అంటే ఇంకో డోసు. ఉసిరు అంటే ఊపిరి, హిడిదుకొళ్ళి అంటే పట్టుకోండి, బిడి అంటే వదలండి. పెద్దవాళ్లకి లోపలికి వెళ్లే ముందే చెప్పి, ఒకసారి చేయించి చూడండి.

7. రిపోర్టు చదవడం

ఒంటరిగా, రాత్రిపూట చదవకండి. చదివినా "క్లినికల్ కోరిలేషన్ అడ్వైజ్డ్" అనే లైను చూసి గుండె జార్చుకోకండి. బొమ్మని మనిషితో, పాత కాగితాలతో పోల్చి చూడమని డాక్టర్‌కి చెప్పడం అది, అంతే. దాదాపు ప్రతి రిపోర్టులో ఉంటుంది.

నోడ్యూల్ అంటే చిన్న చుక్క, క్యాన్సర్ అన్న మాటకి మారుపేరు కాదు. వేరే కారణంతో తీసిన స్కాన్‌లో గట్టి చుక్క ఒకటి అనుకోకుండా కనబడితే డాక్టర్లు సైజు చూస్తారు. 6 మిల్లీమీటర్ల లోపుంటే, పొగ వంటి ముప్పు లేనివాళ్లకి మళ్లీ స్కానే అక్కర్లేదు. 6 నుంచి 8 మధ్య ఉంటే 6 నుంచి 12 నెలలకి మళ్లీ ఒకసారి. 8 దాటితే మూడు నెలలకి స్కాన్, లేదా పెట్-సీటీ, బయాప్సీ గురించి మాట్లాడతారు. గట్టి చుక్క రెండేళ్లకి పైగా పెరగకుండా ఉంటే సాధారణంగా దాన్ని వదిలేస్తారు. నాన్న చుక్క విషయంలో జరిగింది అదే. పొగతాగేవాళ్ల స్క్రీనింగ్ రిపోర్టులో లంగ్-రాడ్స్ అనే అంకె ఉంటుంది. 1, 2 అయితే మళ్లీ ఏడాదికి రమ్మంటారు, 3 అయితే ఆరు నెలలకి, 4 అయితే ఆలస్యం చేయకుండా ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కాల్షియం స్కోర్ సున్నా, 1 నుంచి 99, 100 పైన అని మూడు ముక్కలుగా చూస్తే చాలు. వంద దాటితే మాత్ర వైపు మొగ్గు ఎక్కువ. 300 వచ్చిందని అదే వారం యాంజియోగ్రామ్‌కి పరిగెత్తక్కర్లేదు. ఛాతీ నొప్పి లేని మనిషికి స్కోర్ చూసి స్టెంట్ వేద్దామంటే రెండో డాక్టర్‌ని కలవండి. ఇది నా అనుభవం కాదు, మా మేనమామది. ఆయనకి స్టెంట్ పడలేదు, మాత్ర, నడక నడుస్తున్నాయి.

పొగతాగేవాళ్లకి రిపోర్టు శుభ్రంగా వచ్చినా అది లైసెన్స్ కాదు. మానడానికి ప్రభుత్వ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 సిగరెట్ పెట్టె మీదే ముద్రించి ఉంటుంది, ఫోన్ ఉచితం. దాని కేంద్రాల్లో ఒకటి బెంగళూరు నిమ్హాన్స్‌లోనే ఉంది.

8. స్కాన్ దాచుకోండి

రిపోర్టు కాగితం కాదు, బొమ్మలు. కాగితం మీద "7 మిల్లీమీటర్లు" అని రాసింది ఒకరి కొలత, ఇంకొకరు 6 అనవచ్చు. పోల్చాలంటే బొమ్మలే కావాలి. లింకులు కొన్నాళ్లకి పనిచేయడం మానేస్తాయి, అందుకని వచ్చిన రోజే దించుకోండి. ఇంట్లో ప్రతి మనిషికీ ఒక ఫోల్డరు, అందులో తేదీ, ఏ భాగం, ఎందుకు తీశారు, ఆ డోస్ పట్టిక. కొత్త స్కాన్‌కి వెళ్లినప్పుడు పాతది రేడియాలజిస్టుకి ముందే ఇవ్వండి, రిపోర్టు రాశాక కాదు.

నెల్లూరు సీడీ బస్సులో వచ్చిన పొద్దున ఇంకో సంగతి బయటపడింది. మా ఇంట్లో మూడు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, ఒక్కదానికీ సీడీ పెట్టే చోటు లేదు. మారతహళ్లి బ్రిడ్జి దగ్గర జిరాక్స్ షాపులో పాత కంప్యూటర్ ఉంటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాం. ముప్పై రూపాయలు తీసుకున్నాడు. సీడీ కవరు మీద నాన్న తన గుండ్రటి చేతిరాతతో 2021లోనే రాసి పెట్టుకున్నారు: "ఊపిరితిత్తులు. పారేయొద్దు."